పక్క సీటు పనిచేయకపోతే మనకేంటి?

జీతం ఒకటే, ఇంక్రిమెంటు ఒకటే, ప్రమోషన్ సీనియారిటీని బట్టే. అలాంటప్పుడు సర్కారు ఆఫీసులో పక్కనోళ్లు ఎంత పనిచేస్తే మనకెందుకు? కానీ తేడా పడుతుంది. ఎంత పడుతుందో, ఎందుకు పడుతుందో మన తెలుగు బళ్లలోనే లెక్క తీశారు.

నెల మొదటి తారీకు. గురజాలలో పొద్దున్నే టీకొట్లు తెరిచే వేళకి సచివాలయ ఉద్యోగులు పింఛన్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చేస్తారు. చేతిలో ఫోను, వేలిముద్ర మిషను, సంచిలో డబ్బులు. అవ్వ తలుపు తీస్తుంది, వేలు పెడుతుంది, నాలుగు వేలు లెక్కపెట్టుకుంటుంది. తర్వాతి ఇల్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒకే సచివాలయంలో ఇద్దరున్నారు అనుకుందాం. ఒక్కొక్కరికి 50 ఇళ్లు. మొదటావిడ పది గంటలకల్లా 50 పూర్తి చేసేసింది. రెండో ఆయన మధ్యాహ్నానికి 20 దగ్గరే ఉన్నాడు. అప్పుడు ఫోనొస్తుంది. ఆయనకి కాదు, ఆవిడకి. "మీది అయిపోయిందిగా అమ్మా, ఆ మిగతావి కూడా కాస్త చూడండి."

వచ్చే నెల ఆవిడ ఎన్నింటికి పూర్తి చేస్తుంది?

ఈ ప్రశ్న సచివాలయానికే కాదు. తహసీల్దారు ఆఫీసుకీ, కరెంటాఫీసుకీ, ప్రైమరీ స్కూలుకీ, పీహెచ్‌సీకీ సరిపోతుంది. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుతున్నవాళ్లు ఎవరైనా రేపు చేరాక మొదటి ఆరు నెలల్లోనే దీనికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఒకే రోజు చేరిన లక్ష మంది

పక్కవాళ్ల ప్రభావం చూడాలంటే సచివాలయాల కంటే మంచి చోటు దొరకదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం 1.26 లక్షలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరులో పరీక్ష, అక్టోబరు 2న వ్యవస్థ మొదలు. రాష్ట్రమంతా దాదాపు 15 వేల సచివాలయాలు. పల్లెల్లో సుమారు 2 వేల జనాభాకి ఒకటి. 2020లో నగర పంచాయతీ అయిన గురజాల లాంటి చోట వార్డు సచివాలయాలు.

వీళ్లలో ఎక్కువమంది ఒకే వయసు వాళ్లు. ఒకే పరీక్ష రాశారు. మొదట్లో అందరికీ నెలకి 15 వేలే. రెండేళ్లలో ఖరారవుతుందన్న ప్రొబేషన్ ఆలస్యమైతే 2022 జనవరిలో అందరూ కలిసే రోడ్డెక్కారు. ఆ ఏడాది మధ్యలో కొత్త స్కేలు కూడా కలిసే అందుకున్నారు. సీనియర్, జూనియర్ అన్న గొడవ పెద్దగా లేదు. అందుకే ఎవరు ఎంత చేస్తున్నారన్న పోలిక ఇక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సర్వేయర్, డిజిటల్ అసిస్టెంట్, ఇంజినీరింగ్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, మహిళా పోలీసు, ఏఎన్ఎం... అందరూ ఒకే కప్పు కింద, ఒకే హాజరు యాప్‌లో.

కానీ ఒక చిక్కుంది. కప్పు ఒకటే అయినా ఒక్కొక్కరి పైన ఒక్కో శాఖ ఉంటుంది. సర్వేయర్ ఏం చేశాడో సర్వే శాఖకి తెలుస్తుంది. ఏఎన్ఎం ఏం చేసిందో వైద్య శాఖ చూస్తుంది. ఇద్దరి పనీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. పక్క సీటులో ఏం జరుగుతుందో బాగా తెలిసేది పక్క సీటుకే. పై ఆఫీసరు కంటే ముందు తోటి ఉద్యోగికే తెలిసిపోతుంది, ఎవరు లాగుతున్నారో, ఎవరు ఊరికే తాడు పట్టుకుని నిలబడ్డారో.

తాడు లాగిన ఎనిమిది మంది

తాడు సంగతి మాటవరసకి అనలేదు. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు 19వ శతాబ్దం చివర్లో మనుషులతో నిజంగానే తాడు లాగించి బలం కొలిచాడు. ఒంటరిగా లాగినప్పుడు ఒక మనిషి ఎంత బలం పెడతాడో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలకి అందులో దాదాపు సగమే వచ్చింది. కొంత తేడా అందరూ ఒకేసారి లాగకపోవడం వల్ల. మరి మిగతాది? 1979లో అమెరికా మనస్తత్వ పరిశోధకులు లటానే, విలియమ్స్, హార్కిన్స్ జనంతో చప్పట్లు కొట్టించి, అరిపించి చూశారు. తమతో పాటు ఇంకా కొందరు అరుస్తున్నారని అనుకుంటే చాలు, నిజానికి ఒక్కళ్లే అరుస్తున్నా గొంతు తగ్గించారు.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు. రాజుగారు రాత్రిపూట తలా చెంబెడు పాలు గుంటలో పొయ్యమంటే తెల్లారేసరికి గుంట నిండా నీళ్లే ఉన్న కథ చిన్నప్పుడు అందరం విన్నాం. 'అందరూ పాలు పోస్తారుగా, నా చెంబు నీళ్లు ఎవరికి తెలుస్తాయి' అని ప్రతివాడూ అనుకున్నాడు. చీకటి కాబట్టి సాగింది. పగలు పొయ్యమని ఉంటే?

చూస్తున్నారంటే చాలు

పగలు పోయిస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక సూపర్‌మార్కెట్ చెయిన్‌లో బయటపడింది. అక్కడ క్యాషియర్లు ఎంత వేగంగా సరుకులు స్కాన్ చేస్తున్నారో సెకన్లతో సహా కంప్యూటర్‌లో ఉంటుంది. అలెగ్జాండర్ మాస్, ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్తలు రెండేళ్ల డేటా తీసుకుని 2009లో ఫలితాలు ప్రచురించారు. ఒక షిఫ్టులో తోటివాళ్ల పనితనం 10 శాతం పెరిగితే మిగతావాళ్ల వేగం సుమారు ఒకటిన్నర శాతం పెరిగింది. జీతంలో తేడా ఏమీ లేదు. ఒకరు వేగంగా చేస్తే మరొకరు కూర్చోవచ్చు కూడా. అయినా పెరిగింది. ఎక్కువ మారింది నెమ్మదిగా చేసేవాళ్లే.

ఇందులో అసలు కిటుకు కౌంటర్ల వరసలో ఉంది. వేగంగా చేసే మనిషి మన ముందు కౌంటర్లో ఉండి, మనకి ఆమె కనిపిస్తున్నా మన వేగం మారలేదు. ఆమె మన వెనక ఉండి, *మనం* ఆమెకి కనిపిస్తున్నప్పుడే మారింది. అంటే 'అబ్బ, ఎంత బాగా చేస్తోంది' అన్న స్ఫూర్తి కంటే, 'నేను తీరిగ్గా చేస్తే ఆవిడ భారం పెరుగుతుంది, అది ఆవిడ చూస్తోంది' అన్న మొహమాటమే పనిచేసింది. ఇలాంటిది మనకి కొత్తేమీ కాదు. పెళ్లి వంటల దగ్గర నలుగురూ కూరలు తరుగుతుంటే మనం ఫోన్ పట్టుకుని ఎంతసేపు కూర్చోగలం?

మరి సర్కారు ఆఫీసు సంగతి? ఫైలు బీరువాలో ఉంటుంది. క్షేత్రస్థాయి పని ఊరి చివర ఉంటుంది. పక్కవాళ్ల లాగిన్‌లో ఎన్ని అర్జీలు పెండింగులో ఉన్నాయో మనకి తెలియదు. పని కనపడనప్పుడు మంచి పనివాళ్ల ప్రభావం కూడా మిగతావాళ్ల దాకా రాదు. ఆఫీసులో ఒక నిప్పులాంటి మనిషి ఉన్నా మిగతా నలుగురూ మారకపోవడానికి ఒక కారణం ఇదే.

'నేనొక్కణ్నే పిచ్చోణ్నా?'

ఇక రెండో వైపు. పక్కవాళ్లు చేయకపోతే మనం ఎందుకు డీలా పడతాం? పని ఎక్కువైనందుకా?

1983లో నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జంటలుగా చేసే ఒక చిన్న పని పెట్టి దీన్ని విడదీసి చూశాడు. జతగాడికి సత్తా ఉంది, కానీ చేయట్లేదు. అలాంటప్పుడు ఇవతలి మనిషి కూడా చేతులు దించేశాడు. తనకి నష్టమైనా సరే. అదే జతగాడికి ఆ పని చేతకాదని తెలిసినప్పుడు మాత్రం ఆ కోపం అంతగా రాలేదు. రెండు సందర్భాల్లోనూ మోసిన బరువు దాదాపు అంతే. మారిందల్లా 'నన్ను వాడుకుంటున్నారు' అన్న భావన.

మన ఆఫీసుల్లో పెట్టి చూడండి. రిటైర్‌మెంట్‌కి ఏడాది ఉన్న పెద్దాయనకి ఆన్‌లైన్ ఎంట్రీ రాదు. కుర్రాళ్లు నవ్వుకుంటూనే చేసి పెడతారు. 'బాబాయ్, ఇటివ్వండి నేను చేస్తాగా' అంటారు. అదే కంప్యూటర్ క్షుణ్నంగా వచ్చిన మనిషి పన్నెండింటికి వచ్చి, నాలుగింటికి 'చిన్న పనుంది' అని వెళ్లిపోతే ఆ పది నిమిషాల పని కూడా కొండంత బరువనిపిస్తుంది. చేయలేనివాళ్లని టీమ్ మోస్తుంది. చేయగలిగి చేయనివాళ్లే టీమ్‌ని కుంగదీస్తారు.

దీని మీద జ్యూరిక్‌లోనూ చాలా ప్రయోగాలు జరిగాయి. అందరూ తలా కొంత డబ్బు ఉమ్మడి హుండీలో వేసి లాభం పంచుకునే ఆట అది. ఫిష్‌బాకర్, గాక్టర్, ఫెర్ 2001లో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు సగం మంది 'అవతలివాళ్లు వేస్తే నేనూ వేస్తా' రకం. మూడోవంతు దాకా ఎవరు ఎంత వేసినా తాము వేయని రకం. ఆట సాగేకొద్దీ మొదటి రకం వాళ్లు రెండో రకాన్ని చూసి చూసి, తామూ మానేస్తారు.

ఈ లెక్కలో మనం గమనించాల్సింది ఆ సగం మందినే. వీళ్లు సోమరులు కారు, త్యాగధనులూ కారు. ఎటు వీస్తే అటు తిరిగే గాలిమర లాంటివాళ్లు. 'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు' అన్నది వీళ్ల గురించే. ఆఫీసు బాగుపడటం, పాడవటం వీళ్లు ఎటు తిరుగుతారన్న దాని మీదే ఉంది.

మన బళ్లలో జరిగిన ప్రయోగం

సూపర్‌మార్కెట్లు, ప్రయోగశాలలు సరే, మన ప్రభుత్వ ఉద్యోగుల సంగతేంటి అంటారా? ఈ విషయం మీద ప్రపంచమంతా చెప్పుకునే పెద్ద అధ్యయనాల్లో ఒకటి జరిగింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి 5 జిల్లాల్లోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దీన్ని నడిపారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన పని ఇది.

లాటరీ తీసినట్టు బళ్లని ఎంచుకున్నారు. 100 బళ్లలో ప్రతి టీచరుకీ తన తరగతి పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి విడిగా బోనస్. ఇంకో 100 బళ్లలో బడి మొత్తం సగటు పెరిగితే అందరికీ సమానంగా బోనస్. మరో 100 బళ్లలో ఏ మార్పూ లేదు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం చుట్టూనే. పెద్ద మొత్తమేం కాదు.

మొదటి ఏడాది రెండు రకాల బళ్లూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డాయి. ఒక్కో బడిలో ఉండేది ముగ్గురు, నలుగురు, ఐదుగురు టీచర్లే. ఎవరు చెబుతున్నారో, ఎవరు చెప్పట్లేదో గోడ అవతలికి వినపడుతుంది. అందుకే ఉమ్మడి బోనస్ కూడా పనిచేసి ఉండాలి. కానీ రెండో ఏడాదికి విడి బోనస్ బళ్లు ముందుకెళ్లాయి. ఐదేళ్లు గడిచేసరికి తేడా స్పష్టం. విడి బోనస్ ఉన్న బళ్లలో ఐదేళ్లూ చదివిన పిల్లల్ని తీసుకుంటే, వంద మందిలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్లాడు లెక్కల్లో ఇంకో 20 మందిని దాటుకుని ముందుకెళ్లినంత మెరుగు. ఉమ్మడి బోనస్ బళ్లలో ఫలితం ఎప్పుడూ దానికంటే తక్కువే. ఐదేళ్లు చదివిన పిల్లల్లో అయితే కచ్చితంగా ఉందని చెప్పగలిగేంత తేడా కూడా మిగల్లేదు.

మొదటి ఏడాది ఉత్సాహంగా పోసిన పాలు ఐదో ఏడాదికి పలచబడ్డాయన్నమాట. కారణం ఇదేనని ఒక్క మాటలో తేల్చలేం. కానీ 'నేను చెప్పినా, ఆయన చెప్పకపోయినా ఇద్దరికీ అంతేగా' అన్న ఆలోచన ఐదేళ్లలో ఎంత దూరం వెళ్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకో వింత. ఏ బళ్లోనూ టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బోనస్ ఉన్నా లేకపోయినా దాదాపు నాలుగోవంతు మంది ఆకస్మిక తనిఖీలో బడిలో లేరు. మరి మార్కులు ఎలా పెరిగాయి? వచ్చిన రోజు వాళ్లు చేసే పని మారింది. ఎక్కువ హోంవర్కు ఇచ్చారు, అదనపు క్లాసులు పెట్టారు, వెనకబడినవాళ్లని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. హాజరు వేరు, పని వేరు. ముఖం చూపించి హాజరు వేయించుకునే యాప్‌ల కాలంలో ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి.

కష్టపడే మనిషిని తెస్తే మిగతావాళ్లు మారతారా?

'నలుగురు కష్టపడేవాళ్లని వేస్తే ఆఫీసు అదే దార్లో పడుతుంది' అని చాలామంది అనుకుంటారు. అదే ప్రయోగంలో ఇంకో 100 బళ్లకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్ని ఇచ్చారు. ఊళ్లోనే ఉండే మనిషి, రెగ్యులర్ టీచరు జీతంలో దాదాపు ఐదోవంతు. వీళ్ల గైర్హాజరు రెగ్యులర్ వాళ్లకంటే బాగా తక్కువగా తేలింది. పిల్లల చదువూ మెరుగైంది.

అయితే కెన్యాలో ఇలాగే కాంట్రాక్టు టీచర్లని అదనంగా వేసినప్పుడు, ఆ బళ్లలో రెగ్యులర్ టీచర్లు తరగతిలో ఉండే సమయం తగ్గిపోయింది. ఎస్తేర్ డుఫ్లో, పాస్కలీన్ డ్యూపా, మైఖేల్ క్రెమర్ ఇది గమనించారు. కొత్తమ్మాయి వచ్చింది, చూసుకుంటుందిలే. మనకి బాగా తెలిసిన మాట కదూ?

మాస్, మొరెట్టి లెక్కలో మంచి పనివాళ్లు పక్కవాళ్లని పైకి లాగారు. ఇక్కడ మంచి పనివాళ్లు వచ్చాక పక్కవాళ్లు కిందికి జారారు. తేడా ఎక్కడ? అక్కడ క్యాషియర్లందరిదీ ఒకే హోదా. ఒకరు తగ్గితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో ఎదురుగానే తెలుస్తుంది. ఇక్కడ హోదాలు వేరు. పర్మనెంటు మనిషికి కాంట్రాక్టు మనిషి దగ్గర మొహమాటం ఏముంటుంది?

దీని అవతలి ఒడ్డున ఉన్నది ఆ కాంట్రాక్టు మనిషి. అదే పని, ఐదోవంతు జీతం. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థే కాబట్టి అక్కడి ఉద్యోగుల జీతాలు బహిరంగం. ఆ జీతాలు చూసుకునే వెబ్‌సైటు గురించి కొందరికి చెప్పి, ఏం జరిగిందో 2012లో పరిశోధకులు రాశారు. తమ విభాగంలో మధ్యస్థ జీతం కంటే తక్కువ తీసుకునేవాళ్లకి ఉద్యోగం మీద తృప్తి తగ్గింది, వేరే పని వెతుక్కోవాలనిపించింది. ఎక్కువ తీసుకునేవాళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు. మన ఆఫీసుల్లో పర్మనెంటు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ అని మూడు రకాలవాళ్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. ఎవరి జీతం ఎంతో తెలుసుకోవడానికి వెబ్‌సైటు కూడా అక్కర్లేదు.

పల్నాడులో బ్రహ్మనాయుడి చాపకూడు గురించి తెలియనివాళ్లుండరు. కులం తేడా లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని చెప్పుకుంటాం. పంక్తిలో కూర్చునే హక్కు అందరిదీ. వండటం, వడ్డించడం, ఆకులెత్తడం కూడా అందరి వంతూ కావాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో సమస్య ఈ రెండో సగంలో ఉంది.

మంచి పక్క సీటు దొరికితే

ఇంతవరకూ బరువు కబుర్లే అయ్యాయి. మంచి వార్త కూడా ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం ప్రభుత్వ బళ్ల డేటాని కిరాబో జాక్సన్, ఎలియాస్ బ్రూగ్‌మన్ తవ్వి 2009లో ఒక విషయం బయటపెట్టారు. ఒక టీచరు పక్కన మెరుగైన టీచర్లు చేరితే, ఆ మొదటి టీచరు దగ్గర చదివే పిల్లల మార్కులు కూడా పెరిగాయి. ఎక్కువ లాభపడింది ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు. ఆ మంచి సహోద్యోగి బదిలీ అయిపోయినా నేర్చుకున్నది పోలేదు. కొన్నేళ్ల తర్వాత కూడా ఫలితం కనిపించింది.

అంటే ఇక్కడ పనిచేసింది మొహమాటం ఒక్కటే కాదు, నేర్చుకోవడం కూడా. భిన్నాలు ఎలా చెబితే పిల్లలకి ఎక్కుతాయో స్టాఫ్‌రూంలో టీ తాగుతూ దొరికిన చిట్కా, అది చెప్పిన మనిషి వెళ్లిపోయినా మనతోనే ఉంటుంది.

2025లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది. వేలమంది కొత్త టీచర్లు బళ్లలోకి వెళ్లారు. ఇలాంటి సమయంలో ఎవరిని ఎక్కడ వేశామన్నది ఖాళీల లెక్క మాత్రమే కాదు. కొత్త టీచరు మొదటి ఏడాది ఎవరి పక్కన కూర్చుంటే, వచ్చే ముప్ఫై ఏళ్లూ ఆ పనితీరే అలవాటు కావచ్చు. సచివాలయాలకీ, స్టేషన్లకీ, ఆసుపత్రులకీ ఇదే వర్తిస్తుంది.

డ్యాష్‌బోర్డు చేయగలిగేది, చేయలేనిది

'పని కనపడాలి' అనగానే ఈ రోజుల్లో వెంటనే గుర్తొచ్చేది డ్యాష్‌బోర్డు. మళ్లీ పింఛన్ల దగ్గరికి వద్దాం. 2024 జులై 1న వాలంటీర్లు లేకుండా సచివాలయ ఉద్యోగులే 65 లక్షల మందికి పైగా ఇళ్ల దగ్గర పింఛను ఇచ్చారు. పాత బకాయితో కలిపి ఆ నెల వృద్ధులకి 7 వేలు. 'వీళ్ల వల్ల అవుతుందా' అన్నవాళ్లు చాలామంది. ఎక్కువ భాగం తొలిరోజే అయిపోయింది. అదే ఏడాది డిసెంబరు 31న ముఖ్యమంత్రి చంద్రబాబు మన జిల్లాలోనే నరసరావుపేట దగ్గర యల్లమందలో స్వయంగా పింఛన్లు పంచారు.

ఈ పని సాఫీగా సాగడానికి కారణం దాని స్వభావమే. ప్రతి మనిషికీ ఇన్ని ఇళ్లు అని లెక్కుంది. ఎవరివి ఎన్ని అయ్యాయో గంట గంటకీ తెలుస్తుంది. పక్క మండలం శాతం ఎంతో కూడా తెలుస్తుంది. ఇది కచ్చితంగా పగటిపూట పోసే పాలు.

కానీ ఏఎన్ఎం ఒక గర్భిణి ఇంట్లో అరగంట కూర్చుని, ఆసుపత్రి కాన్పుకి అత్తగారిని ఒప్పించింది అనుకోండి. అది ఏ డ్యాష్‌బోర్డులో పడుతుంది? సర్వేయర్ ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదాని కోర్టుకి వెళ్లకుండా సర్ది చెప్పాడు. దానికి ఎన్ని పాయింట్లు? సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఒక సంగతి చెప్పగలను. స్క్రీన్ మీద తేలిగ్గా లెక్కపెట్టగలిగేదే మేం ముందు పెడతాం. కొన్నాళ్లకి జనం దాన్నే పని అనుకుంటారు. లెక్కకి రాని పని చేసేవాళ్లు అందరి కళ్లకీ 'ఏం చేయనివాళ్లు' అయిపోతారు. అది ఇంకో రకం అన్యాయం.

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో ఇంకో పాఠం ఉంది. నర్సులు సెంటర్లకి రావట్లేదని ఒక స్వచ్ఛంద సంస్థ, ఆరోగ్య శాఖ కలిసి టైము ముద్రపడే మిషన్లు పెట్టాయి. రాకపోతే జీతం కోత. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత 'ఈ రోజు మినహాయింపు' అని రాయడం మొదలైంది. ఒకటి, రెండు, పది... ఏడాదిన్నర తిరక్కుండానే మిషను ఉన్న చోటికీ లేని చోటికీ తేడా లేకుండా పోయింది. కొందరికి ఇచ్చిన మినహాయింపు అందరి మామూలు అయిపోయింది.

మరి ఏం చేయొచ్చు?

చట్టాలు, పీఆర్సీలు మార్చడం మన చేతుల్లో లేదు. ఒక మండల ఆఫీసరు గానీ, హెడ్మాస్టరు గానీ, ఆఖరికి ఒక మామూలు ఉద్యోగి గానీ పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

*పని ముందే పంచండి, అందరికీ కనపడేలా పంచండి.* 'ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు' అన్నది వినడానికి బాగుంటుంది. ఆచరణలో దానర్థం 'ఎవరు త్వరగా చేస్తే వాళ్లకే ఇంకాస్త'. వారం మొదట్లో ఎవరి పని ఏంటో ఒక కాగితం మీద గోడకి అంటించండి.

*త్వరగా చేసినందుకు శిక్ష వేయకండి.* మన మొదటి లెక్కలో 50 ఇళ్లు పది గంటలకే పూర్తి చేసినావిడకి మిగతా 30 ఇళ్లు అంటగడితే, పదకొండు, పన్నెండు దాకా సాగదీయడం మీరే ఆవిడకి నేర్పినట్టు. సాయం తప్పనిసరైతే పేరు చెప్పి అడగండి. వచ్చేసారి ఆవిడకి ఆ మేరకు తగ్గించండి.

*చేయలేనివాళ్లనీ చేయనివాళ్లనీ ఒకే గాటన కట్టకండి.* రానివాళ్లకి పక్కన ఒకరిని కూర్చోబెట్టి నేర్పించండి. వచ్చి చేయనివాళ్లతో విడిగా, సూటిగా మాట్లాడండి. అందరూ చూసే వాట్సాప్ గ్రూపులో 'కొంతమంది పనిచేయడం లేదు' అని పెట్టే మెసేజికి పనిచేసేవాళ్లే బాధపడతారు. చేయనివాళ్లు అది చదవను కూడా చదవరు.

*కొత్తవాళ్లని మంచి చేతిలో పెట్టండి.* చేరిన మొదటి నెల ఎవరి దగ్గర పని నేర్చుకోవాలన్నది ఖాళీ కుర్చీని బట్టి కాకుండా ఆలోచించి నిర్ణయించండి.

*లెక్కకి రాని పనిని నోటితో అయినా లెక్కలోకి తీసుకోండి.* నెలకోసారి మీటింగులో 'ఆ గట్టు తగాదా తీర్చింది ఫలానా వాళ్లు' అని నలుగురి ముందు అనండి.

ఇక కొత్తగా ఉద్యోగంలో చేరబోయే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. చేరిన వారంలోనే ఎవరో ఒకరు పక్కకి పిలిచి 'ఇక్కడ అంత అవసరం లేదులే, అందరితో పాటే' అంటారు. నలుగురితో నారాయణా అనమని చెప్పినట్టు, ప్రేమగానే చెబుతారు. ఆ మాట అన్న మనిషి కూడా ఒకప్పుడు 50 ఇళ్లు పది గంటలకే పూర్తి చేసినవాళ్లు అయ్యుండొచ్చు. అందుకే వాళ్లని తిట్టుకోవద్దు. ఆ ఆఫీసులో బాగా పనిచేసేవాళ్లు ఇంకొకరు ఎక్కడున్నారో వెతకండి. ఒక్కరున్నా చాలు, మీ కుర్చీ వాళ్లకి కనపడేచోట వేసుకోండి.